నొక్కాడా, లేదా

ఈ ఫ్యాను కాస్త తగ్గితే బాగుండు, రెగ్యులేటరు పాడై ఎన్నాళ్లయిందో, బాగుచేయమంటే రేపు రేపు అనేవాడు అన్నయ్య, గాలికి బల్ల మీద వైరు కదులుతోంది, వైరు కదిలితే పెట్టెకీ లాప్‌టాప్‌కీ మధ్య లింకు తెగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి చదివించాలి, కదలకు తల్లీ, కాసేపు కదలకు, పెట్టె అంటే అన్నయ్య బోటులో దొరికిన నారింజ రంగు పెట్టె, అరచేతికన్నా కాస్త పెద్దది, మూలల్లో ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది, గోరుతో గీకితే పొడి రాలింది, ఆ పొడిని నాలిక మీద వేసుకోబోయి ఆగాను, పిచ్చి పట్టిందా నాకు, బయట వాకిట్లో షామియానా కర్రలు పాతుతున్నారు, సాయంత్రం అన్నయ్యకి ఆదరణ కూడిక, మా చర్చి పాస్టరు సత్యవేదం అయ్యగారు వచ్చి వాక్యం చెబుతారు, మనిషి దొరకలేదు కాబట్టి సమాధి లేదు, కూడికే సమాధి అనుకోవాలి అని అమ్మ ఎవరితోనో అంటోంది, కుర్చీలు ఎక్కడ వేయాలో కూడా తనే చెబుతోంది, అమ్మ గొంతు మామూలుగా ఉంది, అదే నాకు భయంగా ఉంది.

లోపలి గదిలో వదిన ఉంది, తలుపు గడియ పెట్టుకోలేదు, దగ్గరగా వేసుకుంది, పొద్దున పెట్టిన ఇడ్లీ ప్లేటు గుమ్మం దగ్గర అలాగే ఉంది, చీమలు పట్టాయి, అయ్యగారి భార్య వచ్చి మంచం మీద కూర్చుని, హేమా, సాయంత్రం నువ్వు ముందు కూర్చోవాలమ్మా, సాల్మన్ రాజు గురించి రెండు మాటలు సాక్ష్యం చెప్పాలమ్మా, నీకూ బరువు దిగుతుంది అంటే, నన్ను వద్దనుకుని పోయినాయన గురించి నేనేం చెప్తానండీ అని గోడవైపు తిరిగి పడుకుంది, ఆవిడ తలుపులోంచి నా వైపు చూశారు, నేను లాప్‌టాప్ వైపు చూశాను, పెద్ద చదువుకున్నదాన్ని కదా, మనుషుల వైపు చూడలేనప్పుడు చూడటానికి నాకొక తెర ఉంది.

వదిన మాట నిజం కాదని నాకు తెలుసా, తెలియదు, అదీ అసలు బాధ, ఆ రోజు గిలకలదిండి రేవులో ఏం జరిగిందో అందరూ చూశారు, వదిన తమ్ముడు బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువుల మీద అన్నయ్యకి కాపలా పని చూసిపెట్టాడు, చేరిపోవయ్యా, నేలమీద ఉంటావు, నా గుండెలు కుదురుగా ఉంటాయి అని వదిన నెలల తరబడి పోరు, గట్టు మీద కూర్చుని నీళ్లకేసి చూసే పని నాకెందుకే, నేను నీళ్ల మీద ఉండేవాణ్ణి అని అన్నయ్య, ఊరందరిదీ ఒక దారైతే మా అన్నయ్యదొక దారి, అందరూ నలుగురైదుగురు కలిసి పెద్ద బోట్ల మీద వెళ్తుంటే తను ఒక్కడే చిన్న ఫైబర్ బోటు వేసుకుని, కాలువ సముద్రంలో కలిసే మొగ దాటి వెళ్లేవాడు, ఆ పొద్దున గాలి బాగాలేదు, వదిన రేవు దాకా వెంటపడి వెళ్లింది, ఐసు గంపలు మోసేవాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు, చేపలు వేలం పాడుకునేవాళ్లు అందరూ వింటుండగా అంది, వెళ్తే వెళ్లు, మళ్లీ ఇంటికి మాత్రం రావద్దు. మామూలుగా అయితే అన్నయ్య నవ్వేవాడు, వదిన ఎంత కోపంగా తిడితే అంత నవ్వేవాడు, ఆ రోజు నవ్వలేదట, తాడు విప్పుకుని వెళ్లిపోయాడట, బోటు ఒక్కటే హంసలదీవి అవతల మడ చెట్లలో ఇరుక్కుని దొరికింది, ఇంజనులో ఉప్పునీళ్లు, వల లేదు, అన్నయ్య లేడు, ఈ పెట్టె మాత్రం బోటులో కూర్చునే బల్ల కింద కట్టేసి ఉంది.

ఆపదలో ఉంటే ఎర్ర బటన్ నొక్కాలి, నొక్కితే రేవులో సొసైటీ ఆఫీసులో సైరన్ మోగుతుంది, బోటు ఎక్కడుందో తెర మీద కనబడుతుంది, అంతే ఈ పెట్టె చేసే పని, సైరన్ మోగలేదు, సొసైటీ ప్రెసిడెంటు గోవర్ధనరావు గారు ఇంటికొచ్చి, మిగతా బోట్ల పెట్టెలన్నీ బాగానే ఉన్నాయమ్మా, నిన్న కూడా ఒకటి నొక్కించి చూశాం, మోగింది, సాల్మన్ నొక్కి ఉంటే మాకు వినబడకపోవడం ఉండదు అని అంత వరకు చెప్పి తల దించుకున్నారు, మంచాయన, మిగతాది ఆయన అనలేదు, మిగతాది కొళాయి దగ్గర అన్నారు, ఐసు ఫ్యాక్టరీ దగ్గర అన్నారు, నొక్కలేదంటే నొక్కబుద్ధి కాలేదన్నమాటే, పెళ్లాం అంత మాటన్నాక ఏ మగాడు నొక్కుతాడు, కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని ఒకావిడ నా ఎదుటే అంది, నా బిందె నిండకుండానే తీసుకుని వచ్చేశాను, ఆ సామెత ఎవరు పుట్టించారో గానీ వాళ్ల నోరు పడిపోను.

చదువుతోంది, శబ్దం లేకుండా చదువుతోంది, చారలు చారలుగా తెర నిండుతోంది, బెజవాడలో కరెంటు మీటర్లు తయారుచేసే కంపెనీలో నేను రోజూ చేసే పని ఇదే, ఒక చిన్న చిప్పు, దానికి పదిరకాల పనులు, ఒక్కో పనినీ టాస్క్ అంటాం, ఒక క్షణంలో ఒక్కటే నడుస్తుంది, మిగతావి కాచుకుని ఉండాలి, ఎవరిది ముఖ్యమైన పనో చూసి వాళ్లని ముందు పంపే పెద్దమనిషి ఒకడు లోపల ఉంటాడు, ట్రేస్ అంటే ఆ సంగతంతా జాడ తీయడం, ఎవరు ఎప్పుడు లేచారు, ఎంతసేపు నడిచారు, ఎవరు ఎవరికోసం ఆగారు, తెర మీద ఒక్కో టాస్క్‌కి ఒక్కో వరస, నడిచినంతసేపూ నీలం, లేచి కూడా తన వంతు రాక ఎదురుచూస్తుంటే పసుపు, మీటర్లలో ఇవి చూస్తూ సాయంత్రాలు పకోడీలు తింటాను నేను, ఈ గీతల వెనక ఒక మనిషి వేలు ఉంటుందని ఏ రోజూ అనుకోలేదు.

ఈ పెట్టె చేసింది ఫణీంద్ర గారు, కాలేజీలో నాకు సీనియరు, గుడివాడలో మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు, ఆయనా ఇంకో ఇద్దరూ, బోటు దొరికిందని తెలియగానే బండి వేసుకుని వచ్చారు, వాకిట్లో నిలబడి లోపలికి రాలేకపోయారు, జాడలు చూసే సాఫ్ట్‌వేరు, టాస్కుల పేర్లు అన్నీ పెన్‌డ్రైవులో పెట్టి నా చేతికిచ్చారు, నేను చూస్తే నేనేదో దాచానంటారు, నువ్వే చూడు శ్రావ్యా, నొక్కలేదనే వస్తుంది, నాకు తెలుసు, అయినా నువ్వే చూడు. ఆయన అలా అన్నందుకు నాకు కోపం రాలేదు, ఆయన నమ్మేదే చెప్పారు, ఊరంతా నమ్మేది అదే, నాకూ లోపల ఒక మూల అదే, అదే అని ఒప్పుకోవడానికి నోరు రావట్లేదు గానీ, అన్నయ్యకి పౌరుషం ఎక్కువ, చిన్నప్పుడు అమ్మ నీకు అన్నం పెట్టను పో అంటే నిజంగానే తినేవాడు కాదు, చర్చి అరుగు మీద పడుకునేవాడు, నేను కంచంలో పెట్టుకుని వెళ్తే నీ ఎంగిలి నాకెందుకే అని, సగం తినేసి.

వచ్చేసింది, మొత్తం వచ్చేసింది, వరసలు చాలా ఉన్నాయి, అన్నీ పెట్టుకుంటే తెర అంతా రంగుల గుడ్డలా ఉంటుంది, పనికొచ్చేవి నాలుగు ఉంచి మిగతావి కనబడకుండా చేస్తాం, మా పనిలో మొదటి అలవాటు అదే, ఎర్ర బటన్ చూసేది ఒకటి, బోటు ఎక్కడుందో లెక్కకట్టేది ఒకటి, రేడియోలో కబురు పంపేది ఒకటి, ట్రేస్‌ని మెమరీలో రాసేది ఒకటి, చాలు, ఇక బటన్ వరస, ప్రభువా, బటన్ వరస ఖాళీగా ఉంటే వదినకి నేనేం చెప్పాలి, అబద్ధం చెప్పాలి, చెప్పగలనా, మౌస్ మీద వేలు పెట్టి జరుపుతున్నాను, ఖాళీ, ఖాళీ, రేవు నుంచి బయల్దేరినప్పటి నుంచి ఖాళీ, ఖాళీగానే ఉంది, బయట ఎవరో నవ్వారు, కర్ర పక్కకి వాలిందట, ఖాళీ, ఖాళీ, నీలం.

నీలం, సన్నగా, సూదిమొనంత, మళ్లీ నీలం, మళ్లీ, పెద్దది చేసి చూశాను, ఎర్ర బటనే, నొక్కాడు, నొక్కాడు, అన్నయ్య నొక్కాడు, కాసేపాగి మళ్లీ నొక్కాడు, తర్వాత గబగబా వరసగా, తలుపు కొట్టినట్టు, తర్వాత ఒకసారి చాలాసేపు వదలకుండా నొక్కి పట్టుకున్నాడు, ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టమంటే సాఫ్ట్‌వేరు లెక్కపెట్టి చెబుతుంది, నేను అడగను, నా కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకి అమ్మ కిటికీలోంచి తొంగి చూసి ఏంటమ్మా అంది, ఏం లేదమ్మా అన్నాను, ఏం లేదట, ఏం లేదని ఎలా అనగలిగానో.

మరి సైరన్ ఎందుకు మోగలేదు, రేడియో వరస చూడు, చూడవే మొద్దూ, అదేంటి, పసుపు, బటన్ నొక్కగానే రేడియో టాస్క్ లేచింది, లేచి అక్కడే నిలబడిపోయింది, పసుపు గీత తెర ఈ చివర నుంచి ఆ చివరికి, జరిపితే ఇంకా పసుపు, జరిపితే ఇంకా పసుపు, అన్నింటికన్నా ముఖ్యమైన పని అది, ఎవరినైనా తోసుకుని వెళ్లే హక్కున్న పని, అయినా నిలబడింది, ఎవరికోసం, ట్రేస్ రాసే టాస్క్ కోసం, అందరికన్నా చిన్నది, కబురులో పెట్టాల్సిన బోటు నంబరు ఉండే మెమరీ తాళం అది పట్టుకుని కూర్చుంది, క్రిస్మస్ విందులో ఒకటే గరిట ఉన్నట్టు, గరిటేమో చారు పోసే పిల్ల చేతిలో, ఆ పిల్లనేమో మధ్యలో ఇంకొకావిడ నీళ్లు తే, ఆకులు తే అని తిప్పుతుంటే, వరస మొదట్లో కూర్చున్న అయ్యగారి ఆకు ఖాళీగా ఉండిపోయినట్టు, ఇక్కడ తిప్పింది బోటు జాడ లెక్కకట్టే టాస్క్, కెరటాలకి బోటు ఎగిరిపడుతుంటే అది ఊపిరి సలపకుండా లెక్కకడుతూనే ఉంది, రాసేదానికి సందు దొరకలేదు, దొరికిన కాస్త సందులో అది ఏం రాస్తోంది, ఎవరెవరు ఎదురుచూస్తున్నారో రాస్తోంది, రాసేకొద్దీ రాయాల్సింది పెరిగింది, పెరిగేకొద్దీ తాళం వదల్లేదు, రేవులో నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు నొక్కించి చూస్తే మోగక ఏం చేస్తుంది.

అమ్మిన పెట్టెల్లో ట్రేస్ ఉండకూడదు, ఉండదు, మా కంపెనీలో అయితే తీసేస్తేగానీ గేటు దాటనివ్వరు, మరి ఇందులో ఎందుకుందంటే, నాకు తెలుసు, గుడివాడ బస్టాండులో ఒకసారి ఎదురుపడినప్పుడు ఫణీంద్ర గారే నవ్వుతూ చెప్పారు, అప్పుడప్పుడూ బిగుసుకుపోతోంది శ్రావ్యా పెట్టె, ఎందుకో చూద్దామని ట్రేస్ ఆన్ చేస్తే బిగుసుకోదు, ఆఫ్ చేస్తే బిగుసుకుంటుంది, చూస్తున్నంతసేపూ బుద్ధిమంతురాలు, విసిగిపోయి ఆన్‌లోనే వదిలేశాం, ఎవరికేం నష్టం. మా పని చేసేవాళ్లందరికీ తెలిసిన కథ ఇది, చూస్తుంటే దొరకని తప్పు, చూడటం వల్లే సర్దుకునే తప్పు, నేనూ నవ్వాను, టీ తాగి బస్సెక్కాను, ఈ ట్రేస్ లేకపోతే అన్నయ్య కేక రేవుకి చేరేది, ఈ ట్రేస్ లేకపోతే అన్నయ్య కేక వేశాడని నాకు ఈ జన్మలో తెలిసేది కాదు, రెండూ ఒకటే గీత, ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి, చెబితే అర్థమయ్యేవాడు ఒక్కడే, ఆయనకే ఫోను చేశాను.

విషయం చెప్పాను, ఫణీంద్ర గారి వెనక గుడివాడ రోడ్డు మీద లారీ హారన్లు, నొక్కాడా అని ఒకసారి, నొక్కాడా అని మళ్లీ ఒకసారి అడిగారు, తర్వాత, మిగతా బోట్లలోనూ అదే ఉంది శ్రావ్యా, గోవర్ధనరావు గారికి ఇప్పుడే చెప్తాను, ఎవరినీ మొగ దాటి వెళ్లనివ్వొద్దని, ఎందుకో కూడా చెప్తాను, నువ్వు ఫైలు మొత్తం పంపు, ఏ వరసా దాచకుండా మొత్తం పంపు. ఫోను పెట్టేశారు, తిడదామని నోటిదాకా వచ్చిన మాటలు నాకే మిగిలిపోయాయి, గోడకేసి కొట్టాలనిపించింది ఫోనుని, కొట్టలేదు, కొత్త ఫోను, అన్నయ్య మెచ్చుకున్న ఫోను.

ఇప్పుడు వదినకి ఏం చెప్పాలి, నొక్కాడని చెబితే నిన్ను వద్దనుకోలేదని తెలుస్తుంది, వెంటనే ఇంకోటి కూడా తెలుస్తుంది, పిలిచాడు, పిలుస్తూనే ఉన్నాడు, మనం ఇక్కడ వంట చేసుకుంటూ, టీవీ చూస్తూ ఉన్నాం, ఎవరికీ వినబడలేదు, ఏ దుఃఖం తేలిక, మొగుడు అలిగి వెళ్లిపోయాడన్న దుఃఖమా, మొగుడు కేకలు వేసి వేసి అలిసిపోయాడన్న దుఃఖమా, మొదటిదానికైతే వదిన తననే తిట్టుకుంటూ బతుకుతుంది, రెండోది తెలిస్తే నిద్రలో కూడా ఆ కేకలు వింటుంది, గోరుచుట్టు మీద రోకలిపోటు, నా చేతికెందుకొచ్చింది ఈ రోకలి, మీటర్లు చూసుకునేదాన్ని నేను, ఆడపడుచుని, పెళ్లై వచ్చిన కొత్తలో వదిన నా జడ వేసేది, గట్టిగా లాగుతుందని ఏడ్చేదాన్ని, ఇప్పుడు నేను ఆమె ఎదుట కూర్చుని ఇది చెప్పాలా, కూడిక అయ్యాక చెబితే, రేపు చెబితే, అసలు చెప్పకపోతే.

ఫైలు మొత్తం అన్నారు కదా, దాచిన వరసలన్నీ తిరిగి తెరిచాను, పంపే ముందు సరిగా ఉందో లేదో చూడాలి కాబట్టి, తెర నిండా రంగులు, బ్యాటరీ చూసేది, దీపం వెలిగించేది, ఇదేంటి, అడుగున సన్న వరస, నేను మొదట్లోనే పక్కకి తోసేసిన వరస, ఇది కూడా లేస్తోంది, ఎర్ర బటన్ మధ్యమధ్యలో ఇది కూడా, పేరు చూశాను, బాణం. పెట్టె మీద తెల్ల బటన్ ఇంకోటి ఉంది, అది నొక్కితే చిన్న తెర మీద బాణం గుర్తు వస్తుంది, రేవు ఏ వైపు ఉందో చూపిస్తుంది, పెట్టెలు పంచిన రోజు అన్నయ్య వేళాకోళం ఆడాడట, కళ్లకి గంతలు కట్టినా ఇంటికి వస్తాను, నాకు బాణాలెందుకయ్యా అని, ఆ మనిషే, ఆ మనిషే నొక్కాడు, ఎర్రది నొక్కి చూశాడు, తర్వాత తెల్లది, కొంత ఖాళీ, మళ్లీ తెల్లది, ఖాళీ అంతా తెడ్డు వేసి ఉంటాడు, ఇంజను ఆగిపోయింది కాబట్టి తెడ్డు వేసి, చీకటో వానో ఏమీ కనబడక ఆగి, ఎటు అని చూసుకుని, మళ్లీ తెడ్డు, ఈ టాస్క్‌కి ఆ తాళంతో పని లేదు, నొక్కిన ప్రతిసారీ నడిచింది, ప్రతిసారీ నీలం, ప్రతిసారీ బాణం చూపించింది, చివరి చివరికి ఎర్రది మానేశాడు, ఎవరూ రారని తెలిసిపోయిందేమో, తెల్లది మానలేదు, బ్యాటరీ అయిపోయే వరకూ తెల్లది ఒక్కటే, నాకు తెర కనబడటం లేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నా కనబడటం లేదు.

లేచి లోపలికి వెళ్లాను, ఇడ్లీ ప్లేటు దాటుకుని, వదిన గోడవైపే తిరిగి ఉంది, మంచం అంచు మీద కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను, వదినా, నొక్కాడు. అన్నయ్య నొక్కాడు వదినా, చాలాసార్లు నొక్కాడు, పెట్టెలో తప్పుంది, కబురు రేవుకి రాలేదు, తప్పు పెట్టెది, అన్నయ్యది కాదు, నీది అసలే కాదు. ఇటు తిరిగింది, ముఖం ఎండిపోయి పెద్దావిడలా ఉంది, పిలిచాడా అంది, ఆఁ, పిలిచాడు, ఎవరికీ వినబడలేదా, లేదు వదినా, ఎవరికీ వినబడలేదు, పెదవి కొరుక్కుంది, నేను భయపడ్డదే జరుగుతోంది, ఆ కళ్లలో కెరటాలూ కేకలూ అన్నీ వచ్చేస్తున్నాయి, ఆగలేక గబగబా చెప్పేశాను, తెల్ల బటన్ సంగతి, బాణం సంగతి, ఎర్రది వదిలేసినా తెల్లది వదలకపోవడం, తెడ్డు, అన్నీ, ఎలా చెప్పానో తెలియదు, టాస్క్ అన్నానో వరస అన్నానో, వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది, నెమ్మదిగా, మాట కూడబలుక్కుంటున్నట్టు అడిగింది, అది ఇంటికి దారి చూపించేదా.

ఆఁ వదినా, ఇంటికే. మరి కనబడిందా ఆయనకి దారి. కనబడింది, నొక్కిన ప్రతిసారీ కనబడింది. అప్పుడు ఏడ్చింది వదిన, బోటు దొరికినప్పుడు ఏడవని మనిషి, ఊరంతా మాటలంటే ఏడవని మనిషి, నా ఒళ్లో తల పెట్టి, నోట్లో కొంగు కుక్కుకోకుండా, బయటి వాళ్లందరికీ వినబడేలా ఏడ్చింది, వాకిట్లో కుర్చీల చప్పుడు ఆగిపోయింది, అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, కింద కూర్చుని వదిన పాదాలు పట్టుకుంది, నేను వదిన జుట్టు నిమురుతూ ఉన్నాను, ఏడుపు మధ్యలో వదిన అంటోంది, సాయంత్రం నేను కూర్చుంటాను శ్రావ్యా, నేనే చెప్తాను, ఏం చెబుతుందో నాకు తెలుసు, ఇందాకటి నుంచి నా తలలో ఒకదాన్నొకటి తోసుకుంటున్న మాటలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయి ఒక్కటే మిగిలింది, రావద్దని వదిన అంది, అన్నయ్య వదిన మాట ఏనాడూ విన్నది లేదు, ఆ రోజూ వినలేదు, ఇంటికే వస్తున్నాడు.